డీటీపీ షాపులో పదిహేనేళ్ల లినక్స్: వాడిన డిస్ట్రోలు, దొరికిన మనుషులు

మా షాపు పక్కన ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు ఆగిపోతుందని తెలిసిన దగ్గర్నుంచి అది నడిపే అబ్బాయికి టెన్షన్ పట్టుకుంది. వాళ్ల రెండు కంప్యూటర్లూ పాతవే. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ వాటిలో లేదు. రెండూ కొత్తవి కొనాలంటే మాటలు కాదు. ఒకరోజు మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు మా షాపులోకి వచ్చి కూర్చుని, "అక్కా, నీ కంప్యూటర్లో ఉన్నదేదో మాకూ వేసిపెట్టవా? అందులో ఏది మంచిదో నువ్వే చెప్పు" అన్నాడు.

నా కంప్యూటర్లో ఉన్నది లినక్స్, విండోస్‌కి బదులుగా వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. దాన్ని రకరకాల బృందాలు తమ తమ పద్ధతిలో కూర్చి ఇస్తాయి, ఒక్కో కూర్పును డిస్ట్రో అంటారు. ఏది మంచిదో నేను వెంటనే చెప్పలేకపోయాను. 2010 నుంచి ఉబుంటు, మింట్, ఫెడోరా, ఆర్చ్, డెబియన్ అన్నీ వాడాను. ఒక్కోదాన్ని ఇష్టంగానే పెట్టుకున్నాను, ఒక్కో కారణంతో వదిలాను. అతనికి చెప్పాల్సింది ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. గుంటూరు బ్రాడీపేటలో మాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, కరపత్రాలు, కాలేజీల ప్రశ్నపత్రాలు, ఈ ఏడెనిమిదేళ్లుగా పుస్తకాలు కూడా చేస్తున్నాం. రోజుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా తెలుగు టైపు చేస్తాను. కాబట్టి గేములు ఎలా ఆడతాయి, గ్రాఫిక్స్ కార్డు ఎంత వేగం అన్నవి ఈ రివ్యూలో ఉండవు. నేను చూసేవి రెండే. ఇన్‌స్టాల్ చేశాక తెలుగు ఎంతసేపట్లో సరిగ్గా పని చేస్తుంది? ఎక్కడైనా ఇరుక్కుంటే ఎవరు పలుకుతారు, ఎలా పలుకుతారు? ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు గదులతో పాటు ఇరుగుపొరుగును కూడా చూస్తాం కదా, అలాగే.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. షాపులో ఒక విండోస్ కంప్యూటర్ ఇప్పటికీ ఉంది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లలో చేసిన పుస్తకాలు తెచ్చి "రెండో ముద్రణ వేయాలమ్మా" అనేవాళ్లు ఇంకా వస్తూనే ఉంటారు. వాటికి అదే దిక్కు. లినక్స్‌కి మారితే విండోస్ అవసరమే ఉండదని మా పనిలో ఉన్నవాళ్లకు ఎవరైనా చెబితే నమ్మకండి.

మొదటిది ఉబుంటు 10.04. ఇంజినీరింగ్ చదివే మా తమ్ముడికి పోస్టులో సీడీ వచ్చింది. అప్పట్లో అడిగినవాళ్లకు ఉబుంటు వాళ్లు సీడీలు ఊరికే పంపేవాళ్లు. 2011 దాకా అది నడిచింది. ఆ సీడీ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తే, హార్డ్ డిస్కు జోలికి పోకుండానే సిస్టమ్ మొత్తం తెర మీదకు వచ్చింది. నెమ్మదిగా వచ్చిందనుకోండి. కానీ నేను చేసిన మొదటి పని తెలుగు వికీపీడియా తెరవడం. వత్తులు, గుణింతాలు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఏ ఫాంటూ కొనలేదు, ఏ డాంగిలూ గుచ్చలేదు. నాకు అక్కడే మనసు నిలిచింది.

టైపింగ్ మాత్రం అంత తేలిగ్గా కుదరలేదు. మా డీటీపీ వాళ్లలో చాలామందికి యాపిల్ అనే కీబోర్డు లేఅవుటే (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరిక) చేతికి అలవాటు. లినక్స్‌లో ఐబస్ అనే ప్రోగ్రాము ద్వారా తెలుగుకు రకరకాల పద్ధతులు పెట్టుకోవచ్చు. కొన్నాళ్లు పాత అలవాటుతోనే నెట్టుకొచ్చాను. తర్వాత ఇన్‌స్క్రిప్ట్ అనే లేఅవుట్ నేర్చుకున్నాను. నెలన్నర చాలా కష్టపడ్డాను. అరపేజీ టైపు చేసేసరికి వేళ్లు ఎక్కడికో పోయేవి. కానీ ఆ నెలన్నర నాకు పదిహేనేళ్లు పనికొచ్చింది. ఇన్‌స్క్రిప్ట్ ప్రామాణిక లేఅవుట్ కాబట్టి ఏ డిస్ట్రోకి వెళ్లినా కీబోర్డు జాబితాలో 'తెలుగు' అన్న పేరుతో సిద్ధంగా ఉంటుంది. కొత్తగా ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. లినక్స్‌కి రావాలనుకునే డీటీపీ వాళ్లకు నేనిచ్చే మొదటి సలహా ఇదే. డిస్ట్రో ఏదన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోండి.

ఇక్కడ ఒక చిన్న సంగతి కొంచెం దగ్గరగా చూపించాలి. నాకు డబ్బు నష్టం తెచ్చిన సంగతి కాబట్టి అస్సలు మర్చిపోలేను. 2011లో ఒక పెళ్లికార్డు చేశాను. వరుడి పేరు రామ్‌కుమార్. నేను మ, పొల్లు, క వరసగా కొట్టుకుంటూ పోయాను. తెలుగులో పొల్లు తర్వాత హల్లు వస్తే అది వత్తుగా మారుతుంది, అది భాష పద్ధతి. దాంతో పేరు 'రామ్కుమార్' అయింది. మ కింద క వత్తు. ప్రూఫులో నేనూ చూడలేదు, వాళ్లూ చూడలేదు. మూడు వందల కార్డులు అచ్చయ్యాక పెళ్లికొడుకు మేనమామ పట్టుకున్నారు. మళ్లీ నా ఖర్చుతోనే వేసి ఇచ్చాను.

పొల్లుకీ హల్లుకీ మధ్య కంటికి కనిపించని ఒక అక్షరం పెడితే అవి అతుక్కోవు. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'సాఫ్ట్‌వేర్' అని రావాలంటే అది కావాలి, లేకపోతే 'సాఫ్ట్వేర్' అవుతుంది. శ్రీనివాస్‌రావు, ఫేస్‌బుక్, హైకోర్ట్‌లో... రోజుకు వంద సార్లు కావాలి. లినక్స్‌లో కీబోర్డు ఆప్షన్ల లోపల స్పేస్ బార్‌కి సంబంధించిన ఒక సెట్టింగు ఉంది. అది పెట్టుకుంటే షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కగానే ఈ కనిపించని అక్షరం పడుతుంది. నాకు ఇది తెలిసేసరికి రెండేళ్లు పట్టింది. అప్పటినుంచీ ఏ కొత్త డిస్ట్రో వేసినా నేను వెతికే మొదటి సెట్టింగు ఇదే. ఎంత లోతుగా దాచారన్నదాన్ని బట్టి నా మార్కులు ఉంటాయి. మింట్ ప్రధాన ఎడిషన్‌లో కీబోర్డు సెట్టింగుల్లోనే, లేఅవుట్ల పక్కన ఆప్షన్లు నొక్కితే వచ్చేస్తుంది. గ్నోమ్ అనే డెస్క్‌టాప్ (తెర మీద మెనూలు, కిటికీలు చూపించే భాగం) ఉన్న వాటిలో ట్వీక్స్ అనే ఇంకో ప్రోగ్రాము తెచ్చుకోవాలి. కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌లో కీబోర్డు సెట్టింగుల చివర ఉంటుంది. ఇన్నేళ్లలో ఏ డిస్ట్రోలోనూ ఈ సదుపాయం లేకపోవడమనేది చూడలేదు. తెలుగుతో రోజంతా పనిచేసేవాళ్లకు ఇది ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

మళ్లీ ఉబుంటు సంగతికొస్తే, 2012లో 12.04కి మారగానే డెస్క్‌టాప్ రూపమే మారిపోయింది. యూనిటీ అని కొత్తది వచ్చింది. ఎడమ పక్క ఐకాన్ల వరస, మెనూలన్నీ పైన. అది నచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం చేయి తిరగలేదు. తర్వాత 2017లో 17.10 నుంచి ఉబుంటు వాళ్లే దాన్ని పక్కనపెట్టి గ్నోమ్‌కి వెళ్లారు. అప్పటికి నేను మింట్‌లో స్థిరపడిపోయాను.

ఉబుంటు సమాజం గురించి ఒక మాట. ఏ సమస్య గూగుల్లో వెతికినా మొదట కనిపించే సమాధానం ఉబుంటు వాళ్లదే అయి ఉంటుంది. అంతమంది అడిగారు, అంతమంది చెప్పారు. ఆ సంపద మింట్ వాడినా డెబియన్ వాడినా చాలావరకు పనికొస్తుంది. ఒక్కటే జాగ్రత్త, సమాధానం ఏ సంవత్సరానిదో చూడాలి. 2012 నాటి జవాబును 2024లో టెర్మినల్లో (కమాండ్లు టైపు చేసే తెరలో) పేస్ట్ చేస్తే ఉన్నది కూడా చెడుతుంది.

మింట్‌ని 2006లో మొదలుపెట్టింది క్లెమెంట్ లెఫెవ్ర్. వాళ్ల విడుదలలన్నింటికీ ఆడపిల్లల పేర్లు పెడతారు. నేను చేరింది 'మాయ'లో, అంటే 13లో. తర్వాత 17, 'కియానా'. 2018లో వచ్చిన 19 పేరు 'తార'. మన ఇళ్లలో వినిపించే పేర్లలా ఉంటాయి కాబట్టి మా షాపులో పనిచేసే అమ్మాయిలు వాటిని చాలా ముద్దుగా పిలిచేవాళ్లు. "అక్కా, మాయ అప్‌డేట్ అడుగుతోంది" అనేవాళ్లు.

మింట్ గురించి నేను మంచే చెబుతాను. కింద బార్, ఎడమ మూల మెనూ, గడియారం కుడివైపు. విండోస్ నుంచి వచ్చిన మనిషికి ఒక్కరోజులో అలవాటైపోతుంది. టైమ్‌షిఫ్ట్ అని ఒకటి ఇస్తారు. అప్‌డేట్‌కి ముందు సిస్టమ్ ఎలా ఉందో దాచిపెట్టి, ఏదైనా తేడా వస్తే వెనక్కి తీసుకెళ్తుంది. షాపు నడిపేవాళ్లకు అది కొండంత అండ.

కానీ నన్ను ఆరేళ్లు మింట్‌లో ఉంచింది దాని మెనూలు కాదు, ఒక రాత్రి జరిగిన సంగతి. మా దగ్గర ఒక పాత లేజర్ ప్రింటర్ ఉండేది, కంపెనీ పేరు ఇప్పుడెందుకులెండి. లినక్స్‌కి వాళ్లిచ్చిన డ్రైవరు మా సిస్టమ్ మీద ఎంతకీ పని చేయలేదు. తెల్లారి ఒక కాలేజీకి ప్రశ్నపత్రం బటర్ పేపర్ మీద ఇవ్వాలి. రాత్రి పదకొండు దాటింది. అప్పట్లో మింట్‌లో హెక్స్‌చాట్ అనే ప్రోగ్రాము ముందే ఉండేది. తెరిస్తే నేరుగా సహాయం అడిగే గదిలోకి తీసుకెళ్లేది. నా అంతంతమాత్రం ఇంగ్లిషులో సమస్య రాశాను. ఒకతను జవాబిచ్చాడు. ఏ దేశమో తెలియదు, పేరు కూడా మారుపేరే. ఒక్కో కమాండ్ పంపేవాడు, దానికి ఏమొచ్చిందో నేను తిరిగి పేస్ట్ చేసేదాన్ని. మధ్యలో నేను ఒక అక్షరం తప్పు కొట్టి మొత్తం మొదటికి తెచ్చాను. "ఫరవాలేదు, నెమ్మదిగా చేద్దాం" అన్నాడు. చివరికి ఎవరో ఒకాయన సొంతంగా రాసి అందరికీ ఇచ్చిన డ్రైవరు ఒకటుందని చెప్పి, దాన్ని ఎలా కట్టుకోవాలో నేర్పాడు. ఒంటిగంట దాటాక మొదటి పేజీ బయటికొచ్చింది. కాగితం వేడిగా ఉండగానే ఫొటో తీసి చూపించాను. అతను ఒక నవ్వు గుర్తు పెట్టి వెళ్లిపోయాడు. నాకు రూపాయి ఖర్చు కాలేదు. డబ్బు కట్టినచోట కూడా అంత ఓపిక నేను చూడలేదు.

2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకి ఎవరో చొరబడి, డౌన్‌లోడ్ లింకు మార్చి, కల్తీ చేసిన ఫైలు పెట్టారు. ఈ సంగతి బయటపెట్టింది వేరెవరో కాదు, క్లెమెంటే. ఏం జరిగిందో, ఎవరికి ప్రమాదమో, ఎలా సరిచూసుకోవాలో దాచకుండా రాశాడు. దించుకున్న ఫైలు అసలుదో కాదో చెక్‌సమ్‌తో పోల్చి చూడటం నేను నేర్చుకున్నది అప్పుడే. ఆ వార్త చూసి మింట్ వదిలేసినవాళ్లు ఉన్నారు. తప్పు జరిగిన రోజే చెప్పే మనిషిని నమ్మవచ్చని నాకు అనిపించింది, నేను ఉండిపోయాను.

మరి ఎందుకు వదిలానంటే, కొత్తది చూడాలన్న ఆశ. అంతకు మించి చెప్పుకోదగ్గ కారణమేం లేదు.

2018 చివర్లో ఫెడోరా 29 వేశాను. ఏడాది వాడాను. లోహిత్ అనే భారతీయ భాషల ఫాంట్లు రెడ్ హ్యాట్ అనే కంపెనీ వాళ్లు విడుదల చేసినవే, ఫెడోరా వెనక ఉన్నదీ రెడ్ హ్యాటే. కాబట్టి తెలుగు మొదటి గంటలోనే సిద్ధం. సెట్టింగుల్లో తెలుగు చేర్చి, విండోస్ బొమ్మ ఉన్న కీతో స్పేస్ నొక్కితే భాష మారుతుంది. చాలా శుభ్రంగా, కొత్తగా ఉంటుంది. కొన్ని వీడియోలకు కావాల్సిన కోడెక్‌లు పేటెంట్ల కారణంగా వాళ్లు ఇవ్వరు, ఆర్‌పీఎం ఫ్యూజన్ అనే వేరే సైటు నుంచి తెచ్చుకోవాలి. నాకు కుదరనిది ఒక్కటే. ఆరు నెలలకొక కొత్త విడుదల, ఒక్కోదానికి పదమూడు నెలల సపోర్టు. మాకు మార్చి, ఏప్రిల్ పరీక్షల సీజను, ఆ వెంటనే పెళ్లిళ్లు. ఆ రోజుల్లో సిస్టమ్ ముట్టుకునే ధైర్యం నాకు లేదు. ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలు అడిగితే మాత్రం ఫెడోరానే చెబుతాను.

ఇక ఆర్చ్. 2020 మార్చి చివర లాక్‌డౌన్. షాపు మూసేశాం. పెళ్లిళ్లు లేవు, పరీక్షలు లేవు. ఇంట్లో ఒక సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఉంది, చేతినిండా తీరిక ఉంది. ఆర్చ్ వికీలో ఉన్న ఇన్‌స్టలేషన్ గైడ్ ప్రింటు తీసుకుని, పెన్సిలు పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పెన్‌డ్రైవ్‌తో ఆన్ చేస్తే నల్లటి తెర, మిణుకుమిణుకుమనే గీత. అంతే. ఏమీ అడగదు, ఏమీ చూపించదు. తర్వాత 2021లో ప్రశ్నలడిగి ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు ఒకటి చేర్చారు కానీ అప్పటికి లేదు. పార్టిషన్లు, ఫార్మాట్, మూల ప్యాకేజీలు, అన్నీ మన చేత్తోనే. భాషల జాబితా ఉన్న ఫైలు తెరిచి, వందల వరసల మధ్య తెలుగుకు చెందిన వరసను వెతికి, దాని ముందున్న హ్యాష్ గుర్తు చెరిపేయాలి. అప్పుడే ఆ సిస్టమ్‌కి తెలుగు అనే భాష ఒకటుందని తెలుస్తుంది. ఆ ఒక్క గుర్తు చెరుపుతుంటే బడిలో పిల్లను చేర్పిస్తున్నట్టు అనిపించింది.

మొదటిసారి నెట్‌వర్క్ ప్యాకేజీ ఎక్కించడం మర్చిపోయాను. రీస్టార్ట్ చేస్తే ఇంటర్నెట్ లేదు. మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి లోపలికెళ్లి సరిచేశాను. మూడో రోజు సాయంత్రం బ్రౌజరు తెరుచుకుంది. అలవాటు కొద్దీ తెలుగు వికీపీడియాకి వెళ్లాను. పేజీ నిండా డబ్బాలు! ఒక్క అక్షరం లేదు, వరసలు వరసలుగా ఖాళీ డబ్బాలు. కొద్దిసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను. తర్వాత నోటో ఫాంట్లు ఎక్కించి, పేజీ మళ్లీ లోడ్ చేశాను. డబ్బాలన్నీ ఒక్కసారిగా అక్షరాలైపోయాయి.

ఇరవై ఏళ్లుగా తెలుగు అచ్చు పనిలో ఉన్నా, తెర మీద తెలుగు ఎలా వస్తుందో నాకు అర్థమైంది ఆ సాయంత్రమే. అక్షరాల బొమ్మలు ఫాంటులో ఉంటాయి. క, పొల్లు, ష వరసగా వస్తే వాటిని 'క్ష'గా కలపడం హార్ఫ్‌బజ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పని. నా వేలి నొక్కుడును తెలుగు అక్షరంగా మార్చేది మూడోది. ఈ మూడూ వేరువేరు మనుషులు, వేరువేరు చోట్ల కూర్చుని రాసినవి. ఉబుంటులోనో మింట్‌లోనో తెలుగు 'దానంతటదే' వచ్చిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నా కన్నా ముందు ఎవరో కూర్చుని, తెలుగువాళ్లు కూడా వాడతారని గుర్తుపెట్టుకుని, ఆ మూడింటినీ ఎంచి అమర్చి పెట్టారన్న మాట. ఆర్చ్ ఆ పనిని మనకే వదిలేస్తుంది. నేర్చుకోవాలంటే దీన్ని మించిన బడి లేదు.

ఆర్చ్ వికీ గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను డెబియన్‌లో ఉన్న ఈ రోజు కూడా ప్రింటర్ గురించో కీబోర్డు గురించో సందేహమొస్తే ముందు ఆ వికీయే చూస్తాను. రాసిన పద్ధతి అంత పొందికగా ఉంటుంది. వాళ్లను అడిగేటప్పుడు మాత్రం ముందు చదివి వెళ్లాలి. ఏం చదివాం, ఏం ప్రయత్నించాం, ఏ ఎర్రర్ వచ్చింది అన్నీ రాస్తే చక్కగా చెబుతారు. ఉత్త "పనిచేయట్లేదు" అంటే వికీ లింకు ఇచ్చి ఊరుకుంటారు. మొదట్లో నాకు బాధ కలిగేది. తర్వాత అర్థమైంది, వాళ్లు అడిగేది న్యాయమే. మా షాపుకి వచ్చి "కార్డు వేయండి" అని ఊరుకుంటే నేను మాత్రం ఏం వేస్తాను? ముహూర్తం, పేర్లు, వేదిక చెప్పాలి కదా.

షాపులో ఆర్చ్ ఎందుకు నిలవలేదంటే, దాన్ని తరచుగా అప్‌డేట్ చేస్తూ ఉండాలి. చేసే ముందు వాళ్ల ప్రకటనలు చదవాలి. ఆ మాట వాళ్లే స్పష్టంగా చెబుతారు. 2021లో పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాక నేను మూడు నెలలు పట్టించుకోలేదు. ఒక రాత్రి అప్‌డేట్ నొక్కితే ప్యాకేజీల డిజిటల్ సంతకాలు నమ్మదగినవి కావంటూ వరసగా ఎర్రర్లు. ఆ సంతకాలను సరిచూసే కీరింగ్ ప్యాకేజీని ముందుగా అప్‌డేట్ చేసుకుంటే సరిపోయేది. అది తెలియక గంటన్నర కొట్టుకున్నాను. తప్పు నాదే. ఆ రాత్రి ఒక గ్రూపులో, అది ఆర్చ్ వాళ్లది కూడా కాదు, తెలుగువాళ్లదే, సాయం అడిగితే "ఇవన్నీ మీకెందుకు మేడమ్, దొంగ విండోస్ ఒకటి వేసుకోండి" అని ఒకతను రాశాడు. నలుగురు నవ్వు గుర్తులు పెట్టారు. ముక్కూమొహం తెలియని మనిషి నా కోసం రాత్రి రెండు గంటలు కూర్చోవడం చూసిన దాన్ని. మనవాళ్ల నుంచి ఈ మాట వినడం చాలా కష్టంగా అనిపించింది. కొత్తగా వచ్చిన వాళ్లతో, ముఖ్యంగా వయసు మళ్లిన వాళ్లతో, ఆడవాళ్లతో ఇలా మాట్లాడకండి. వాళ్లు మళ్లీ అడగరు.

ఇప్పుడు నేనున్నది డెబియన్‌లో. నిజానికి 2017లోనే ఒకసారి ప్రయత్నించి వెనక్కొచ్చాను. లాప్‌టాప్‌లోని వైఫై చిప్‌ని నడిపే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్, అందరూ చదివి మార్చుకోగల స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు కాబట్టి, డెబియన్ దాన్ని మామూలు ఇన్‌స్టాలర్‌లో పెట్టేది కాదు. ఫోన్‌ని యూఎస్‌బీ తీగతో కలిపి నెట్ ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2022లో డెబియన్ డెవలపర్లు ఈ విషయం మీద ఓటింగ్ పెట్టుకుని, ఫర్మ్‌వేర్‌ని ఇన్‌స్టాలర్‌లో చేర్చాలని తీర్మానించారు. 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12లో అది అమలైంది. నేను అదే నెలలో వేశాను. వైఫై పేరు తెర మీద కనిపించగానే పాస్‌వర్డ్ కొట్టి ముందుకెళ్లిపోయాను.

డెబియన్ గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో భాషల జాబితాలో తెలుగు ఉంది. అది ఎంచుకుంటే ప్రశ్నలు తెలుగులో అడుగుతుంది, తెలుగు డెస్క్‌టాప్‌కి కావాల్సినవి తనే తెచ్చుకుంటుంది. ఫాంట్లలో దేశికాచారి గారు తయారుచేసిన పోతన, వేమన కూడా ప్యాకేజీగా దొరుకుతాయి. ఆ రెండు పేర్లూ జాబితాలో చూస్తే ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది.

దీని లోటు కూడా చెప్పాలి. స్థిరంగా ఉండటమే ముఖ్యం కాబట్టి సాఫ్ట్‌వేర్లు కాస్త పాతవి ఉంటాయి. డెబియన్ 12లో లిబ్రెఆఫీస్ 7.4 వచ్చింది, రెండేళ్లు అదే. నాకు ఇబ్బంది కలగలేదు. పుస్తకం పేజీలు కూర్చే స్క్రైబస్ మాత్రం కొత్తది కావాల్సి వచ్చింది, ఎందుకంటే దానికి తెలుగు లాంటి లిపులు సరిగా రావడం 1.5 వరసలోనే మొదలైంది, 1.6 వచ్చింది 2024 జనవరిలో. దాన్ని ఫ్లాట్‌పాక్‌గా, అంటే డిస్ట్రోతో సంబంధం లేకుండా విడిగా దొరికే ప్యాకేజీగా వేసుకున్నాను. పెళ్లికార్డులు ఎలాగూ బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లోనే చేస్తాను. 2025 ఆగస్టు 9న డెబియన్ 13 వచ్చింది. శ్రావణమాసం పెళ్లిళ్ల పని తగ్గాక ఒక ఆదివారం మార్చాను, ఏ ఇబ్బందీ రాలేదు. 13 నుంచి 32 బిట్ కంప్యూటర్ల మీద కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకునే వీలు లేదు. మా పాత నెట్‌బుక్ ఒకటి అందువల్ల 12 మీదే ఉండిపోయింది.

డెబియన్ ఏ కంపెనీదీ కాదు. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టాడు. తన పేరూ అప్పటి ప్రియురాలు డెబ్రా పేరూ కలిపి పెట్టిన పేరది. ఏటా నాయకుణ్ణి ఓటు వేసి ఎన్నుకుంటారు. ఉబుంటు పుట్టింది దీంట్లోంచే, ఉబుంటు లోంచి మింట్. నేను ఏళ్ల తరబడి వాడినవాటి వేరు ఇక్కడుంది. ఒక ఫాంటులో ఒక సంయుక్తాక్షరం సరిగా పడట్లేదని ఈమెయిల్‌లో బగ్ రాసి పంపాను. వెంటనే ఒక నంబరు వచ్చింది. మూడు వారాలకు, "మీరు చెప్పిన పదం స్క్రీన్‌షాట్ పంపగలరా, ఎలా ఉండాలో కూడా గీసి చూపించండి" అని జవాబు వచ్చింది. తెలుగు తెలియని మనిషి అది. కాగితం మీద పెద్దగా రాసి, వత్తు ఎక్కడ కూర్చోవాలో ఎర్ర ఇంకుతో చుట్టి పంపాను. ఇక్కడ పని నెమ్మది. కానీ నంబరు ఇచ్చాక మర్చిపోరు.

2023 సెప్టెంబరులో వాళ్ల వార్షిక సమావేశం డెబ్‌కాన్ఫ్ కొచ్చిలో జరిగింది. వెళ్లాలని చాలా అనుకున్నాను, వినాయకచవితి కరపత్రాల పనితో కుదరలేదు. షాపులో ఒక పక్క తెర మీద కొన్ని ప్రసంగాలు లైవ్‌లో చూశాను. కేరళలో ప్రభుత్వ బడులకు ఉబుంటు మీద కట్టిన సొంత సిస్టమ్ ఉంది. మనకూ హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ వాళ్లు డెబియన్ ఆధారంగా తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చారు, కాలేజీ పిల్లలకు నేర్పుతున్నారు. ఆ పని మన బడుల దాకా వస్తే ఎంత బాగుంటుందో!

మెనూలు తెలుగులో పెట్టుకోవాలా అని అడిగేవాళ్లకు: పెట్టుకుని చూడండి. ఫైలును దస్త్రం అన్నారు, బాగుంది, మా నాన్నగారి తరానికి అలవాటైన మాటే. సెట్టింగ్స్‌ని అమరికలు అన్నారు, అదీ బాగుంది. ఫోల్డర్‌ని సంచయం అన్నారు, అది మా షాపులో ఎవరికీ అర్థం కాలేదు. కొన్నిచోట్ల సగం తెలుగు, సగం ఇంగ్లిషు ఉంటుంది. చేసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, చేయాల్సింది కొండంత. మింట్ అనువాదాలు లాంచ్‌ప్యాడ్ అనే సైటులో ఎవరైనా చేయవచ్చు. నేను కొన్ని పదాలు చేశాను. తెలుగు బాగా వచ్చిన రిటైర్డ్ మాస్టార్లు పది మంది పూనుకుంటే ఆ కొరత తీరిపోతుంది.

జిరాక్స్ అబ్బాయికి ఏం వేశానో చెప్పాలి కదా. మింట్ 22.2, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్. అతని కంప్యూటర్లో 4 జీబీ ర్యామే ఉంది, దానికి అదే తేలిక. 2029 దాకా సపోర్టు ఉంటుంది, అప్పటిదాకా ఆ టెన్షన్ ఉండదు. హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టించాను. డెబియన్ ఎందుకు వేయలేదంటే, ఇరుక్కుంటే అడగడానికి అతనికి మింట్ వాళ్లే సరైన పొరుగు. రెండింట్లో ఒక కంప్యూటర్ని మాత్రం విండోస్ మీదే ఉంచమన్నాను. వేలిముద్రల పరికరాలు, డిజిటల్ సంతకం డాంగిళ్లు కొన్నింటికి విండోస్ డ్రైవర్లే ఉంటాయి, ఆ పనులు వదులుకుంటే అతనికి రోజు గడవదు. దాన్ని ఆ పనులకే వాడమని, ఊరికే ఇంటర్నెట్‌లో తిప్పవద్దని చెప్పాను.

టైపింగ్‌కి ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునే ఓపిక అతనికి లేదు. ఇంగ్లిషు అక్షరాల ధ్వనితో కొట్టే కగప లేఅవుట్ పెట్టాను, వారంలో చేయి కుదిరింది. మొన్న సాయంత్రం కొత్త బోర్డుకి తనే టైపు చేసిన కాగితం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. జిరాక్స్, లామినేషన్, స్పైరల్ బైండింగ్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కింద వరసలో 'కలర్ప్రింట్లు' అని ఉంది. "అక్కా, ర కింద ఈ ప వత్తు ఎక్కడ్నుంచి వచ్చింది?" అన్నాడు. ఫ్లెక్సీ షాపుకి ఇంకా పంపలేదు కదా అని అడిగాను. లేదన్నాడు. అతని కంప్యూటర్లో ఆ కనిపించని అక్షరం ఆప్షను నేనే పెట్టడం మర్చిపోయాను. వెళ్లి పెట్టి, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ ఎక్కడ నొక్కాలో చూపించి వచ్చాను.